‘ఫోకస్’ అనే పదము: అర్థములు, ప్రయోగములు, పరిచర్యలో దాని వినియోగము

ఉపోద్ఘాతము

హైదరాబాదులోని చిక్కడపల్లి, అశోక్ నగర్, నారాయణగూడ ప్రాంతములలో పరిచర్య చేసే కాపరులకు ఒక ప్రార్థన విన్నపము బాగా పరిచయము. ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఒక యౌవనస్థుడో, యౌవనస్థురాలో దగ్గరకు వచ్చి, “అయ్యగారూ, చదువు మీద ఫోకస్ ఉండడం లేదు, ప్రార్థన చేయండి” అని అడుగుతారు. కాపరి తల మీద చేయి ఉంచి ప్రార్థిస్తాడు. నాలుగు వారములు గడిచాక అదే వ్యక్తి అదే విన్నపముతో మళ్ళీ వస్తాడు. ఇద్దరూ ఒకే పదమును వాడారు. కాని ఇద్దరూ ఒకే సంగతిని ఉద్దేశించారా అన్నది ప్రశ్న.

హెబ్రీ, గ్రీకు పదములను వేరుతో సహా పరిశీలించడము వేదాంత విద్యార్థులకు అలవాటే. అయితే మన సంఘస్థులు తమ బాధను చెప్పుకొనడానికి వాడే పదములను మనము అంత శ్రద్ధగా పరిశీలించము. ‘ఫోకస్’, ‘టెన్షన్’, ‘డిప్రెషన్’ వంటి మాటలు ఇంగ్లీషు నుండి వచ్చి తెలుగు మాటలవలె స్థిరపడ్డాయి. అవి వచ్చేటప్పుడు తమ అర్థములన్నిటినీ వెంట తీసుకొని రాలేదు. కొన్నిటిని దారిలో విడిచిపెట్టాయి, కొన్నిటిని ఇక్కడ కొత్తగా సంపాదించుకొన్నాయి.

ఈ వ్యాసములో ‘ఫోకస్’ అనే ఒక్క పదమును తీసుకొని, దాని చరిత్రను, శాస్త్రములలో దాని అర్థములను, తెలుగువారి నోట దాని ప్రయోగములను, దానికి దగ్గరగా ఉన్న తెలుగు పదములను, బైబిలు భాషలలో ఆ భావమును తెలిపే పదములను క్రమముగా చూద్దాము. ఆ తరువాత, ఈ పదమును సరిగా అర్థము చేసికొనకపోతే ఒక విద్యార్థికి కలిగే నష్టము ఏమిటో గమనిద్దాము.

1. పద చరిత్ర: పొయ్యి నుండి కటకము వరకు

‘ఫోకస్’ లాటిను పదము. లాటినులో దీని అర్థము పొయ్యి, అనగా ఇంటిలో నిప్పు ఉండే చోటు. రోమీయుల ఇంటిలో కుటుంబమంతా కూడుకొనే స్థలము అదే. ఫ్రెంచిలో నిప్పుకు వాడే ‘ఫ్యు’, ఇటాలియనులో ‘ఫువోకో’, స్పానిషులో ‘ఫువేగో’ అనే మాటలన్నీ ఈ పదము నుండి పుట్టినవే. ఫ్రెంచిలో ‘ఫ్వయే’ అనే మాటకు నేటికీ పొయ్యి అనీ, ఇల్లు అనీ, కిరణములు కలిసే బిందువు అనీ మూడర్థములు ఉన్నాయి.

వంటింటి మాటను గణితములోనికి తెచ్చిన వ్యక్తి జర్మను ఖగోళ శాస్త్రజ్ఞుడు యోహాన్నెస్ కెప్లర్. 1604లో ప్రచురించిన తన కాంతిశాస్త్ర గ్రంథములో, దీర్ఘవృత్తము వంటి వక్రరేఖలకు సంబంధించిన ప్రత్యేక బిందువులకు ఆయన ఈ పేరు పెట్టాడు. 1609లో వెలువడిన మరియొక గ్రంథములో గ్రహముల మార్గము దీర్ఘవృత్తమనీ, దాని రెండు నాభులలో ఒకదాని వద్ద సూర్యుడు ఉన్నాడనీ తెలిపాడు. పిల్లలు భూతద్దముతో ఎండను కాగితము మీదికి తెచ్చి కాల్చడము మనమందరము చూచినదే. కిరణములు కలిసిన చోట నిప్పు పుడుతుంది గనుక ఆ బిందువుకు పొయ్యి అనే పేరు సరిపోయింది. జర్మను భాషలో ఈ బిందువుకు ఉన్న ‘బ్రెన్‌పుంక్ట్’ అనే మాటకు అర్థము కాల్చే బిందువు అనే.

ఈ పదము 17వ శతాబ్దపు మధ్యకాలములో ఇంగ్లీషులో ప్రవేశించింది. అందుచేత 1611లో వెలువడిన కింగ్ జేమ్స్ బైబిలులో ఈ మాట కనబడదు. ఇంగ్లీషులో కూడా దీనికి మొదట ఉన్నది కాంతిశాస్త్రపు అర్థమే. మనస్సుకు సంబంధించిన అర్థము తరువాత వచ్చింది. కటకమును సరిచేసి బొమ్మను స్పష్టము చేయడము అనే క్రియ నుండి, మనస్సును ఒక విషయము మీద నిలపడము అనే భావము పుట్టింది.

2. శాస్త్రములలో ఈ పదము

చిక్కడపల్లి, నారాయణగూడల పక్కనే ఉన్న హిమాయత్‌నగర్‌లో తెలుగు అకాడమి ఉంది. 1968లో ఏర్పడిన ఈ సంస్థ ఉన్నత విద్యకు తెలుగులో పాఠ్యగ్రంథములను తయారుచేసింది. పోటీ పరీక్షలు వ్రాసే తెలుగు మాధ్యమపు విద్యార్థి చేతిలో ఆ పుస్తకములే ఉంటాయి. మన పాఠ్యపుస్తకములలో ‘ఫోకస్’కు ‘నాభి’ అనే పదము స్థిరపడింది. కటకము నుండి నాభికి ఉన్న దూరము ‘నాభ్యంతరము’. భూగోళశాస్త్రములో, భూమిలోపల భూకంపము పుట్టిన చోటు ‘భూకంప నాభి’. దానికి సరిగా పైన భూమి ఉపరితలము మీద ఉన్న చోటు ‘అధికేంద్రము’. వైద్యశాస్త్రములో, శరీరమంతటా వ్యాపించే జబ్బుకు మూలముగా ఒక్కచోట దాగి ఉన్న స్థానమును కూడా ఈ పదముతో సూచిస్తారు.

ఈ ప్రయోగములన్నిటిలో ఒక సంగతి సమానముగా ఉంది. నాభి ఒక స్థానము. అది ఒక బలము కాదు, గుణము కాదు. కాంతి కిరణము ఒక బిందువులో కలవడానికి ఏ ప్రయత్నమూ చేయదు. కటకము దానిని వంచుతుంది. తెర సరియైన దూరములో ఉంటే బొమ్మ స్పష్టమౌతుంది. నాభ్యంతరము పది సెంటీమీటర్లు ఉన్న భూతద్దమును కాగితమునకు మూడు సెంటీమీటర్ల దూరములో పట్టుకొంటే ఎండ ఎంత తీవ్రముగా ఉన్నా కాగితము కాలదు. లోపము ఎండలో లేదు, దూరములో ఉంది.

మన కంటిలోనూ ఇదే జరుగుతుంది. దగ్గరి అక్షరములను చదివేటప్పుడు కంటిలోని సన్నని కండరములు కటకపు ఆకారమును మారుస్తాయి. గంటల తరబడి చదివితే అవి అలసిపోతాయి. నలభై ఏండ్లు దాటిన కాపరికి బైబిలు అక్షరములు మసకబారితే చత్వారము వచ్చిందని అద్దములు పెట్టుకొంటాడు. తన భక్తి తగ్గిందని అనుకొనడు.

3. వాక్యములో ‘ఫోకస్’

భాషాశాస్త్రజ్ఞులు కూడా ఈ పదమును వాడతారు. ఒక వాక్యములో వినేవానికి కొత్తగా అందే భాగమును, వక్త నొక్కి చెప్పే భాగమును ‘ఫోకస్’ అంటారు. ప్రసంగీకులకు ఇది ప్రయోజనకరము గనుక కొంచెము వివరముగా చూద్దాము. తెలుగులో ఈ పనిని ‘ఏ’ అనే ఒక్క అచ్చు చేస్తుంది.

“అతడు నిన్న గ్రంథాలయమునకు వెళ్ళాడు” అన్నది సాధారణ వాక్యము. “అతడే నిన్న గ్రంథాలయమునకు వెళ్ళాడు” అంటే మరొకడు కాదు అని. “అతడు నిన్ననే గ్రంథాలయమునకు వెళ్ళాడు” అంటే మరొక రోజున కాదు అని. “అతడు నిన్న గ్రంథాలయమునకే వెళ్ళాడు” అంటే మరొక చోటికి కాదు అని. నాలుగు వాక్యములలోనూ జరిగిన సంగతి ఒక్కటే. అయితే ఒక్కొక్కటి ఒక్కొక్క ప్రశ్నకు జవాబు. ఎవరు? ఎప్పుడు? ఎక్కడికి? ప్రశ్నను బట్టి ‘ఏ’ స్థానము మారుతుంది.

గ్రీకులో క్రియారూపమే కర్త ఎవరో తెలుపుతుంది గనుక ‘ఎగో’ అనే సర్వనామమును విడిగా చెప్పనక్కరలేదు. అయినా చెప్పినప్పుడు తరచుగా అక్కడ ఊనిక ఉంటుంది. యోహాను 14:6 లో మన అనువాదకులు ‘నేనే’ అని వ్రాసినది ఇందుకే. లేఖన పఠనములో ఈ ‘ఏ’ను నొక్కి చదవని పాఠకుడు వాక్యపు నాభిని తప్పిపోయినట్లే. ఇక్కడ కూడా గమనించవలసినది ఏమనగా, వాక్యములో ఊనిక ఎక్కడ పడాలో నిర్ణయించేది దాని వెనుక ఉన్న ప్రశ్న.

4. తెలుగువారి నోట ‘ఫోకస్’

తెలుగులో ఈ పదపు ప్రయోగములను ఐదు విధములుగా విభజించవచ్చు.

(అ) సినిమా హాలు, కెమెరా. చిక్కడపల్లికి ఆనుకొని ఉన్న ఆర్టీసీ క్రాస్ రోడ్స్ సినిమా హాళ్ళకు పేరుపొందిన చోటు. డిజిటల్ యంత్రములు రాక మునుపు, తెర మీద బొమ్మ మసకబారితే ప్రేక్షకులు వెనుకకు తిరిగి “ఫోకస్! ఫోకస్!” అని కేకలు వేసేవారు. ఆ కేక బొమ్మను ఉద్దేశించినది కాదు, పైగదిలో ఉన్న ఆపరేటరును ఉద్దేశించినది. అతడు కటకమును కొంచెము తిప్పితే బొమ్మ సరిపోయేది.

(ఆ) ఫోకస్ లైటు. పెండ్లి పందిళ్ళలో, సువార్త మహాసభలలో, నాటకపు వేదికల మీద వాడే పెద్ద దీపము.

(ఇ) పత్రికా భాష. ఫలానా శాఖ మీద ముఖ్యమంత్రి ఫోకస్, ఫలానా జిల్లా మీద పార్టీల ఫోకస్ అని శీర్షికలు వస్తుంటాయి. ఇక్కడ దీని అర్థము దృష్టి సారించడము.

(ఈ) పేరు కనబడడము. “అతడు బాగా ఫోకస్ అవుతున్నాడు”, “ఫోకస్ కావాలని చూస్తున్నాడు” అంటాము. నలుగురి కంట్లో పడడము అని దీని భావము. తెలుగువాడు చూచేవాని వైపు నుండి పదమును తీసికొని, చూడబడేవాని మీద పెట్టాడు. సంఘ రాజకీయములలో ఈ ప్రయోగము కాపరులకు తెలియనిది కాదు.

(ఉ) విద్యార్థి భాష. “ఫోకస్ పెట్టు” అన్నప్పుడు అది చేయవలసిన పని. “ఫోకస్ లేదు”, “ఫోకస్ పోయింది”, “ఫోకస్ పెంచుకో” అన్నప్పుడు మాత్రము అది చేతిలో ఉండే సొమ్మువలె, ఒంట్లో ఉండే బలమువలె మారిపోయింది. ఒకనికి ఉంటుంది, మరొకనికి ఉండదు. ఉన్నవాడు గెలుస్తాడు, లేనివాడు ఓడిపోతాడు.

ఈ ఐదవ ప్రయోగములోనే చిక్కు ఉంది. పొయ్యి, నాభి, కటకము, తెర, దూరము, ప్రశ్న అనే వాటికి సంబంధించిన అర్థములన్నీ దారిలో రాలిపోయి, మనిషి లోపల ఉండవలసిన ఒక గుణము అనే అర్థము మాత్రమే మిగిలింది. ఫలితముగా, ఫోకస్ లేకపోవడము ఆ మనిషి తప్పు అయింది.

5. దగ్గరి తెలుగు పదములు

‘ఫోకస్’కు బదులుగా ఒకే ఒక్క తెలుగు మాటను పెట్టుకొనడము కంటె, ఆ ఒక్క మాట కింద కలిసిపోయిన వేరు వేరు సంగతులను విడదీయడము మంచిది. తెలుగు ఇందుకు చాలినంత సంపద గల భాష.

ఏకాగ్రత: ఏక, అగ్ర అనే రెండు మాటల కలయిక. ఒకే కొన కలిగి ఉండడము. సూదిలో దారము ఎక్కించేటప్పుడు కావలసినది ఇది. కొంతసేపు నిలిచేది.

గురి: చేరవలసిన చోటు, కొట్టవలసిన లక్ష్యము. ఇది మనిషికి బయట ఉంటుంది. గురి కనబడకపోతే ఎంతటి విలుకాడైనా బాణము వేయలేడు.

ధ్యాస: తనంతట తానే మనస్సు పరుగెత్తే దిక్కు. “పిల్లవానికి ఆట తప్ప వేరే ధ్యాస లేదు” అంటాము. ధ్యాస లేని మనిషి ఉండడు. అది ఎటు ఉన్నదన్నదే ప్రశ్న. అనేకసార్లు ఫోకస్ లేదని చెప్పేవానికి ధ్యాస ఉంటుంది. అది ఊరిలో ఉన్న తల్లి జబ్బు మీదనో, తండ్రి చేసిన అప్పు మీదనో ఉంటుంది.

శ్రద్ధ: సంస్కృతములో నమ్మకము అనే అర్థము గల మాట. తెలుగులో నమ్మకము కంటె జాగ్రత్త, ఆసక్తి అనే భావములు బలపడ్డాయి. విశ్వాస ప్రమాణమునకు లాటినులో మొదటి మాటయైన ‘క్రేదో’, సంస్కృతములోని ‘శ్రద్ధా’ ఒకే ప్రాచీన మూలము నుండి వచ్చినవని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. ఆ మూలమునకు హృదయమును ఉంచుట అని పలువురి వివరణ. నమ్మకము లేని చోట శ్రద్ధ నిలవదన్నది ఈ మాటలోనే ఉంది.

అవధానము: ఇది తెలుగువారి సొంత విద్యకు పేరు అయింది. అష్టావధానములో ఎనిమిదిమంది పృచ్ఛకులు అవధాని చుట్టూ కూర్చొంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది ఇస్తారు, ఒకరు అక్షరములను నిషేధిస్తారు. అప్రస్తుత ప్రసంగము చేసే పృచ్ఛకుని పని అవధాని మనస్సును పక్కకు లాగడమే. అనగా, ఈ విద్యలో అంతరాయము కూడా ఆటలో ఒక భాగము. చివరకు అవధాని అన్ని పద్యములను వరుసగా ధారణ చేస్తాడు. చిక్కడపల్లిలోని త్యాగరాయ గానసభ వంటి సభాస్థలములకు వెళ్ళే సాహిత్యప్రియులకు ఇది కొత్త కాదు. ఏకాగ్రతకు ఒకే కొన ఉంటే, అవధానమునకు ఎనిమిది కొనలు ఉన్నాయి. చరిత్ర, భూగోళము, ఆర్థికశాస్త్రము, రాజ్యాంగము కలిపి చదివే విద్యార్థికి అవసరమైనది ఏకాగ్రత కంటె ఇదేనని చెప్పవచ్చు.

కుదురు: “మనసు కుదురుగా లేదు”, “ఒకచోట కుదురుగా కూర్చో” అని మన పెద్దలు అనేవారు. ఈ మాటకు మరొక అర్థము ఉంది. అడుగు గుండ్రముగా ఉన్న కుండ పక్కకు ఒరగకుండా దాని కింద పెట్టే గడ్డి చుట్టను, గుడ్డ చుట్టను కూడా కుదురు అంటారు. కుండ ఎంత గట్టిదైనా, ఎంత నిండుగా ఉన్నా, తనంతట తాను నిలబడలేదు. కింద కుదురు ఉండాలి. కుండ దొర్లి నీళ్ళు ఒలికితే ఇల్లాలు కుండను తిట్టదు, చుట్టను సరిచేస్తుంది.

లాటిను మాట పొయ్యి దగ్గర పుట్టింది. తెలుగు మాట నీళ్ళకుండ దగ్గర కూడా వినబడుతుంది. రెండూ వంటింటి మాటలే. రెండూ ఒకే సంగతిని చెబుతాయి. మనస్సు నిలవడమంటే మొదట అది నిలవడానికి ఒక చోటు ఉండడము.

6. బైబిలు భాషలలో ఈ భావము

పాత నిబంధనలో ఒక విషయమును గమనించుటకు ‘సీమ్ లేవ్’ అనే నుడికారము ఉంది. అనగా హృదయమును ఉంచుట. హగ్గయి 1:5, 7 వచనములలో ప్రజలు తమ మార్గముల మీద హృదయము ఉంచవలెనని ప్రవక్త చెప్పినది ఈ మాటతోనే. మన వాడుకలోని “మనసు పెట్టు” దీనికి అచ్చమైన సమానార్థకము. సొలొమోను 1 రాజులు 3:9 లో అడిగినది ‘లేవ్ షోమేయ’, వినే హృదయము. తెలుగు బైబిలులో ఇది వివేకము అనే మాటతో వచ్చినందున, వినుట అనే మూల భావము చదువరులకు కనబడదు.

క్రొత్త నిబంధనలో ఫిలిప్పీయులకు 3:14 లోని ‘స్కొపోస్’ను అనువాదకులు ‘గురి’ అన్నారు. లూకా 4:20 లోని ‘అటెనిజో’ కన్ను ఆర్పక చూచుట. హెబ్రీయులకు 12:2 లోని ‘అఫొరావో’లో ఉన్న ‘అపో’ అనే ఉపసర్గ, వేరొకదాని నుండి చూపు మరలించి ఒకని వైపు చూచుట అనే భావమును ఇస్తుంది.

అన్నిటికంటె లోతుగా పరిశీలించవలసినది లూకా 10:40. అక్కడ మార్తను గూర్చి వాడిన క్రియ ‘పెరిస్పావో’. చుట్టూ ఉన్న దిక్కులకు లాగబడుట అని దీని భావము. తెలుగులో ‘తొందర’ అని వచ్చింది. నేడు తొందర అంటే త్వరపడడము అని మాత్రమే అనుకొంటాము. పూర్వపు తెలుగులో ఈ మాటకు చిక్కు, ఇబ్బంది అనే అర్థము కూడా ఉండేది. ఇరుగు భాషలైన కన్నడ, తమిళములలో దీనికి సంబంధించిన మాటలు నేటికీ ఆ అర్థములోనే ఉన్నాయి. కాబట్టి మార్త త్వరపడిందన్నది కాదు సంగతి. పలు వైపులకు లాగబడి చీలిపోయింది.

1 కొరింథీయులకు 7:35 లో ఇదే వేరు నుండి వచ్చిన ‘అపెరిస్పాస్తోస్’ అనే మాట ఉంది. అక్కడ కూడా తెలుగులో ‘తొందర’ లేకుండ అనే అనువాదమే ఉంది. దానితో కలిసి వచ్చిన ‘ఎవుపారెద్రోన్’ అనే మాటను విడదీస్తే ‘బాగుగా’, ‘పక్కన’, ‘కూర్చొనుట’ అనే మూడు భాగములు కనబడతాయి. మరియ ప్రభువు పాదముల యొద్ద కూర్చొన్నదని లూకా 10:39 చెబుతుంది. లాగబడకుండుటకు మార్గము మరింత బలముగా బిగుసుకొనడము కాదు, ఒకరి పక్కన కుదురుగా కూర్చొనడము అని ఈ రెండు భాగములు కలిసి చెబుతున్నాయి.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. పొయ్యి దగ్గర ఉన్నది మార్తయే గదా, ఆమెకే కుదురు లేకపోయెను గదా అని. నిజమే. పొయ్యి ఉన్నంత మాత్రమున చాలదు. ఆమె ఫిర్యాదును జాగ్రత్తగా చదివితే అందులో ఉన్నది పని ఎక్కువైందని మాత్రమే కాదు, తనను ఒంటరిగా విడిచిపెట్టారని కూడా. ఒంటరితనములో పొయ్యి కూడా భారమే.

7. అశోక్ నగర్‌లో ఈ పదము చేసే పని

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాము. తెలుగు జిల్లాలన్నిటి నుండి పోటీ పరీక్షలకు సిద్ధపడేవారు దశాబ్దములుగా అశోక్ నగర్, చిక్కడపల్లి వీధులకు వస్తున్నారు. కోచింగ్ కేంద్రములు, హాస్టళ్ళు, నెల అద్దెకు కుర్చీ ఇచ్చే స్టడీ హాళ్ళు, పాత పుస్తకముల దుకాణములు, జిరాక్స్ అంగళ్ళు ఇక్కడ వరుసగా ఉంటాయి. ఒక గదిలో ముగ్గురు నలుగురు ఉంటారు. ఎలక్ట్రిక్ కుక్కరులో అన్నము వండుకొని, కర్రీ పాయింటు నుండి కూర తెచ్చుకొంటారు. లాటిను మాటకు మొదటి అర్థము పొయ్యి అని చూచాము. ఈ గదులలో సరిగ్గా అదే లేదు.

2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రము ఏర్పడింది. రాష్ట్రపు మొదటి గ్రూప్-1 ప్రకటన 503 ఉద్యోగములకు 2022 ఏప్రిల్‌లో వెలువడింది. 2022 అక్టోబరు 16న ప్రిలిమ్స్ జరిగింది. ప్రశ్నపత్రముల లీకు బయటపడడముతో 2023 మార్చిలో దానిని రద్దు చేశారు. 2023 జూన్ 11న మళ్ళీ జరిపారు. అదే సంవత్సరము సెప్టెంబరులో హైకోర్టు ఆ పరీక్షను కూడా రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 ఉద్యోగములకు కొత్త ప్రకటన వచ్చింది. 2024 జూన్ 9న ప్రిలిమ్స్, అక్టోబరు 21 నుండి 27 వరకు మెయిన్స్ జరిగాయి. మెయిన్స్‌కు ముందు అశోక్ నగర్ వీధులలో అభ్యర్థులు నిరసనలు చేశారు.

ఈ తేదీలను ఒక విద్యార్థి జీవితము మీద పరచి చూద్దాము. రాష్ట్రము ఏర్పడినప్పుడు అతనికి ఇరవైనాలుగేండ్లు అనుకొంటే, మొదటి ప్రకటన నాటికి ముప్పైరెండు. అదే మొదటి మెట్టు పరీక్షను అతడు ఇరవై నెలల లోపల మూడుసార్లు వ్రాశాడు. మొదటిసారి ఉత్తీర్ణుడైనా ఆ ఫలితము నిలువలేదు. నాలుగవసారి పుస్తకము తెరిచినప్పుడు అక్షరములు మనస్సుకు ఎక్కకపోతే, అతడు తనను తాను ఏమంటాడు? “నాకు ఫోకస్ లేదు” అంటాడు. ఇంటి నుండి ఫోను చేసిన తండ్రి అదే అంటాడు. గోడ మీది ప్రకటన అదే అంటుంది. మనమూ మన ప్రసంగములో అదే అంటే, నాలుగువైపుల నుండి ఒకే తీర్పు అతని మీద పడినట్లు.

కాని మనము చూచిన అర్థముల ప్రకారము, ఇక్కడ చెదిరినది అతని లోపలి గుణము కాదు. మూడుసార్లు తెర జరిగిపోయింది. గురి కదిలిపోయింది. శ్రద్ధకు మూలమైన నమ్మకము దెబ్బతిన్నది. సినిమా హాలులో మనము బొమ్మను నిందించలేదు గదా.

ఇదే ప్రాంతములో మరొక దృశ్యము కూడా గమనించదగినది. చిక్కడపల్లిలోని సిటీ సెంట్రల్ లైబ్రరీకి ఉదయము నుండి రాత్రి వరకు వందలాదిమంది వస్తారు. వారిలో అనేకులు తమ పుస్తకములను తామే తెచ్చుకొంటారు, టిఫిన్ డబ్బా కూడా తెచ్చుకొంటారు. లోపల చోటు లేకపోతే ఆవరణలో కూర్చొంటారు. సొంత పుస్తకము ఉన్నవాడు గ్రంథాలయమునకు ఎందుకు రావాలి? పక్కన మరొకడు చదువుతూ ఉంటే తానూ చదవగలడు గనుక. కునుకు వస్తే లేపేవాడు ఉంటాడు, టీ తాగడానికి తోడు ఉంటాడు. పొయ్యి లేని ఆ యౌవనస్థులు తమకొక పొయ్యిని తామే ఏర్పరచుకొన్నారు. పదము మరచిపోయిన అర్థమును వారి కాళ్ళు మరచిపోలేదు.

8. కాపరులకు కొన్ని సూచనలు

మొదటిది. “ఫోకస్ లేదు” అన్న విద్యార్థితో వెంటనే ప్రార్థన మొదలుపెట్టక, ఐదవ భాగములో చూచిన పదములను ప్రశ్నలుగా మార్చి అడగవచ్చును.

గురి: ఏ పరీక్షకు చదువుతున్నావు? దానికి ప్రకటన వచ్చిందా? ఎన్నాళ్ళు ప్రయత్నించాలని అనుకొన్నావు? ఆ తరువాత ఏమి చేయాలని ఉంది?

ధ్యాస: పుస్తకము తెరిచినప్పుడు మనస్సు ఎటు పోతున్నది?

కుదురు: రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతున్నావు? ఉదయము ఏమి తిన్నావు? గదిలో ఎవరెవరు ఉన్నారు? అద్దె కట్టావా?

శ్రద్ధ: ఈ పరీక్ష న్యాయముగా జరుగుతుందని నమ్ముతున్నావా?

నాలుగు ప్రశ్నలకు నాలుగు వేరు జవాబులు వస్తాయి. ఒకనికి సలహా కావాలి, ఒకనికి భోజనము కావాలి, ఒకనికి ఇంటికి పోయి తల్లిని చూచి రావడము కావాలి. ప్రార్థన ఆ తరువాత చేస్తే, దేనికొరకు చేస్తున్నామో ఇద్దరికీ తెలుస్తుంది.

రెండవది. నిద్ర పట్టకపోవడము, ఆకలి లేకపోవడము, బ్రతుకు మీద ఆశ లేదని పలకడము కనబడితే దానిని ఫోకస్ సమస్యగా భావించరాదు. వెంటనే వైద్యుని దగ్గరకు తీసికొని వెళ్ళాలి, ఒంటరిగా విడువరాదు. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ సహాయవాణి 14416 నంబరులో ఉచితముగా మాట్లాడవచ్చును. చిన్ననాటి నుండి ఒకచోట మనస్సు నిలపలేని వారి విషయములో కూడా వైద్యుని సలహా అవసరము. చత్వారమునకు అద్దములు పెట్టుకొన్న మనము దీనికి సిగ్గుపడనక్కరలేదు.

మూడవది. ఈ ప్రాంతపు సంఘములలో వారమంతా ఖాళీగా ఉండే గదులు ఉన్నాయి. వెలుతురు, ఫ్యాను, బల్లలు, మంచినీళ్ళు ఉంటే అది చదువుకొనే గది అవుతుంది. ఏ మతము వారని అడగకుండా తెరిస్తే ఇంకా మంచిది. నెలకు ఒక పూట సంఘస్థుల ఇండ్లలో వండిన అన్నము అక్కడ కూర్చొని కలిసి తింటే, కర్రీ పాయింటు ఇవ్వలేనిది అందులో దొరుకుతుంది.

నాలుగవది. ప్రసంగములో ఈ పదమును వాడేటప్పుడు ఏ అర్థములో వాడుతున్నామో చూచుకోవాలి. గురి అనవలసిన చోట గురి అనీ, శ్రద్ధ అనవలసిన చోట శ్రద్ధ అనీ అందాము. ఇంగ్లీషు మాట వాడకూడదని దీని భావము కాదు. ఒక్క మాట కింద నాలుగు బాధలు దాగకుండా చూడడమే ఉద్దేశము.

ముగింపు

‘ఫోకస్’ మొదట ఒక పొయ్యి. తరువాత కిరణములు కలిసే బిందువు. తరువాత స్పష్టమైన బొమ్మ. చివరకు ఒకనికి ఉండి మరొకనికి లేకపోయే ఒక గుణముగా మన వీధులకు చేరింది. ఈ చివరి అర్థము ఒక్కటే తెలిసినవాడు విద్యార్థిని చూచి, “ఇంకా గట్టిగా ప్రయత్నించు” అంటాడు. మొదటి అర్థము కూడా తెలిసినవాడు, “తిన్నావా?” అని అడుగుతాడు.

యోహాను 21వ అధ్యాయములో, రాత్రి అంతా పని చేసి ఒడ్డుకు వచ్చిన వారికి మొదట కనబడినది నిప్పులు, వాటి మీద చేప, రొట్టె. వారిని అడగవలసిన గట్టి ప్రశ్న ఒకటి ఉంది. అయితే అది భోజనము అయిన తరువాతనే అడగబడింది. మన ప్రాంతపు యౌవనస్థులతో మాట్లాడేటప్పుడు ఆ వరుసను గుర్తుంచుకొనడము మంచిది.